నడవలేని అమ్మతో ఓల్డ్ శాన్ హువాన్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: ఈమధ్యే న్యూజెర్సీకి వచ్చాం. విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. పోర్టోరికో తీసుకెళ్లాలనుంది. వీసా టెన్షన్ ఉంటుందా? ఆవిడ తిరగగలరా?

జవాబు: వీసా గొడవ లేదు. పోర్టోరికో అమెరికా భూభాగమే, నేరుగా వెళ్లి నేరుగా వస్తే అది డొమెస్టిక్ ఫ్లైటే. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపే రికార్డు) మాత్రం వెంట ఉంచుకోండి, అడిగినా అడుగుతారు. వేరే దేశంలో ఆగే క్రూజ్ అయితే లెక్క వేరు.

కాళ్ల సంగతే అసలు సంగతి. వికలాంగుల కోసం 1990లో వచ్చిన చట్టం అక్కడా అమల్లో ఉంది. అయినా ఓల్డ్ శాన్ హువాన్, అంటే రాజధాని శాన్ హువాన్‌లోని పాత ఊరు, 1521 నాటిది. వీధుల్లో నీలం రంగు రాళ్లు పరిచి ఉంటాయి, వాన పడితే జారతాయి. ఫుట్‌పాత్‌లు ఇరుకు, పైగా ఎత్తుపల్లాలు. చిన్న చక్రాల మడత వీల్‌చైర్ అయితే ముందు చక్రం రాళ్ల సందులో ఇరుక్కుని, కూర్చున్న మనిషి ముందుకి తూలతారు. వెనక పెద్ద చక్రాలున్నదే తీసుకోండి. రాళ్ల మీద కుర్చీని కాస్త వెనక్కి వంచి, వెనక్కే లాగండి. అమ్మగారి చీర కొంగు చక్రంలో పడకుండా ముందే దోపేయమనండి.

"నాకెందుకు కుర్చీ, నలుగురూ చూస్తారు" అంటారావిడ. బ్యాగులు పెట్టుకోవడానికని చెప్పి తీసుకెళ్లండి, ఆ ఎండకి రెండో వీధిలోనే కూర్చుంటారు. సొంత వీల్‌చైర్‌ని ఎయిర్‌లైన్స్ లగేజీ కింద లెక్కగట్టవు. ఎయిర్‌పోర్టులో తోసే సాయమూ ఉచితమే, టికెట్ కొన్నప్పుడే అడగండి.

పాత ఊళ్లోని ఎల్ మోరో కోట కట్టడం 1539లో మొదలైంది, 1983 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. రోడ్డు దగ్గర కారు దిగాక గడ్డిమైదానం మధ్యగా పావు మైలు పోవాలి, నీడ ఉండదు. పొద్దున్నే వెళ్లండి. కింది అంతస్తులకి మెట్లు, నిటారు ర్యాంపు, వాటి జోలికి పోవద్దు. పిల్లలు గాలిపటాలు ఎగరేసే ఆ మైదానం, పైనుంచి సముద్రం చూస్తే చాలు. సాయంత్రం పాసేయో దె లా ప్రిన్సెసా అనే నడకదారికి వెళ్లండి, చదునుగా ఉంటుంది, హాయిగా తోసుకెళ్లొచ్చు.

పాత ఊళ్లో హోటల్ అయితే లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. కందులేసి వండే అన్నం దొరుకుతుంది గానీ అందులో తరచూ పంది మాంసం పడుతుంది, శాకాహారులైతే అడిగి తినండి. తిరుగు ప్రయాణంలో వ్యవసాయ శాఖవాళ్లు బ్యాగులు తనిఖీ చేస్తారు. కొన్ని రకాల పండ్లు పట్టుకెళ్లనివ్వరు, అలాంటివి కొంటే అక్కడే తినేసి రండి.