యుద్ధం రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. బొబ్బిలి యుద్ధం మీద రాయాలని ఉందన్నావు, చాలా సంతోషం. నవల రాయాలా, చరిత్ర రాయాలా అని తేల్చుకోలేకపోతున్నావు. ఇదే సందేహం నన్ను పట్టుకున్న రోజుల్లో నాకు దారి చూపినవాడు అమెరికన్ రచయిత షెల్బీ ఫూట్.

1916లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం, గ్రీన్‌విల్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరినా పోరు కళ్లారా చూసింది లేదు. 1954 నాటికి ఐదు పుస్తకాల నవలాకారుడు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం మీద చిన్న పుస్తకం రాసిపెట్టమని ప్రచురణకర్త అడిగితే సరేనన్నాడు. కూర్చున్నాక అది మూడు సంపుటాలై, 3000 పేజీల దాకా పెరిగి, 1974లో గానీ పూర్తి కాలేదు. సిరాబుడ్డిలో పాళీ ముంచుకుంటూ, రోజుకు ఐదొందల మాటల చొప్పున, 20 ఏళ్లు!

ఆయన యుద్ధభూములకు, యుద్ధం జరిగిన ఋతువులోనే వెళ్లేవాడు. ఆ అంతర్యుద్ధంలోదే, టెనెసీ రాష్ట్రంలో షైలో పోరు 1862 ఏప్రిల్ 6, 7 తేదీల్లో జరిగింది. అక్కడి పీచ్ తోట అప్పుడు నిండా పూసి ఉంది. తూటాలు తగిలి పూరేకులు సైనికుల మీద రాలాయి. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి 23 వేలకు పైనే. నన్ను మాత్రం ఆ రేకులే ఇప్పటికీ వదలవు. డిసెంబరులో వెళ్లినవాడికి అక్కడ ఎండుకొమ్మలు తప్ప ఏం కనిపిస్తాయి?

నువ్వూ జనవరి 24 నాటికి బొబ్బిలిలో ఉండు. 1757లో యుద్ధం జరిగిన రోజది. తెల్లవారుజామున చలి ఏపాటిదో, ఎంత దూరాన మనిషి మసకబారతాడో రాసుకో. తాండ్ర పాపారాయుడి రోషం సంగతి తర్వాత చూద్దువుగాని.

చరిత్ర రాసేటప్పుడు ఎవరి నోటా లేని మాట పెట్టకూడదన్నది ఫూట్ నియమం. నువ్వూ చరిత్ర అని పేరు పెడితే అలాగే ఉండు. నవల అయితే కల్పించు, కానీ నవల అని చెప్పి కల్పించు. ఆయన పేజీ అడుగున ఆధారాలు చెప్పే అధోజ్ఞాపికలు ఇవ్వకపోవడం మాత్రం నాకు నచ్చదు. పాఠకుడు సరిచూసుకునే దారి మూసెయ్యకూడదు.

అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. 1860లో ఆ దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలు. ఆ యుద్ధానికి మూలం వాళ్ల బానిసత్వమే. సేనానులను అంత ప్రేమగా చూసిన ఆ కలంలో వాళ్ల గొంతు బాగా తక్కువ వినిపిస్తుంది. ఆ వచనం నాకు ప్రాణం, అయినా ఈ బాధ పోలేదు.

నీ బొబ్బిలికే వస్తే, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు లాగినవాళ్లెవరు? కోటలో ఆఖరి ఉదయం పొయ్యి రాజేసిందెవరు? మొదటి అధ్యాయం కాగానే నాకు పంపు. ముందుగా వాళ్ల కోసమే వెతుకుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య