నబుక్కో గ్యాస్ పైప్‌లైన్‌కు ఒప్పందాలు కుదిరినా ఎందుకు కట్టలేదు?

గొట్టం గీశారు గానీ, అందులో పోయడానికి గ్యాస్ దొరకలేదు.

టర్కీ నుంచి బల్గేరియా, రొమేనియా, హంగరీ మీదుగా ఆస్ట్రియాలోని బామ్‌గార్టెన్ దాకా సుమారు 3,300 కి.మీ., 56 అంగుళాల వ్యాసం, ఏడాదికి 31 బిలియన్ ఘనపు మీటర్లు. 2009 జులైలో అంకారాలో సంతకాలయ్యాయి. తీరా చూస్తే చేతికందేది అజర్‌బైజాన్‌లోని షా డెనిజ్ గ్యాస్ క్షేత్రం రెండో దశ ఒక్కటే: ఏడాదికి 16 బిలియన్ ఘనపు మీటర్లు, అందులో 6 టర్కీకే. మిగిలిన 10తో అంత లావు గొట్టం మూడోవంతే నిండుతుంది. కట్టిన ఖర్చంతా ఆ కాస్త గ్యాస్ మీదే పడితే రవాణా రుసుము ఎవరికీ గిట్టదు. వేరేచోట నుంచి తెద్దామంటే ఇరాన్‌పై ఆంక్షలు, తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్ కాస్పియన్ సముద్రం దాటే దారే లేదు.

చివరికి టర్కీ-బల్గేరియా సరిహద్దు నుంచి మొదలయ్యే ‘నబుక్కో వెస్ట్’గా కుదించారు. మొదట్లోనే చేయాల్సిన పని అది! 2013 జూన్‌లో షా డెనిజ్ భాగస్వాములు నబుక్కోను కాదని ఇటలీకి వెళ్లే 878 కి.మీ. ట్రాన్స్ అడ్రియాటిక్ పైప్‌లైన్‌ను ఎంచుకున్నారు.