నేర్చుకున్నది భర్త, గదిలో ఉండేది అమ్మ

ప్రశ్న: నాకు ఇప్పుడు ఎనిమిదో నెల. మావారు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నారు. అక్కడ మేమిద్దరం ఆరు ఆదివారాలు ప్రసవ శిక్షణ తరగతులకు వెళ్ళి, నొప్పి వచ్చినప్పుడు శ్వాస ఎలా తీసుకోవాలో, నా నడుము ఆయన ఎక్కడ నొక్కాలో నేర్చుకున్నాం. తొలిచూలు కనుక ఆనవాయితీ ప్రకారం పురిటికి బొబ్బిలిలోని పుట్టింటికి వచ్చాను. ఇక్కడి ఆసుపత్రిలో కాన్పు గదిలోకి మగవారిని రానివ్వరట. కావాలంటే మా అమ్మ ఉండవచ్చునన్నారు. అమ్మేమో, "మేం ఏ క్లాసులకెళ్ళి కన్నాం?" అని నవ్వుతోంది. మా శ్రమంతా వృథా అయినట్టేనా?
— ఒక సోదరి, బొబ్బిలి

జవాబు: వృథా కాలేదమ్మా. అయితే నేర్చుకున్నది ఇప్పుడు చేతులు మారాలి. మన ప్రాంతంలో తరగతి భర్త ఉద్యోగం చేసే ఊళ్ళో జరుగుతుంది, తొలి కాన్పు పుట్టింట జరుగుతుంది. శిక్షణ ఇచ్చేవారు "మీ పురుడు ఎక్కడ, ఆ వేళ మీ పక్కన ఎవరుంటారు?" అని మొదటి రోజే అడిగితే ఈ చిక్కు సగం తీరుతుంది కానీ, అలా అడిగినవారిని నేను పెద్దగా చూడలేదు.

మీ అమ్మగారి నవ్వును పట్టించుకోకండి. ఆమెకు రాదనుకుని నేర్పబోకండి కూడా. నేను కాన్పు గదిలో నర్సుగా పనిచేసిన రోజుల్లో గరివిడి వైపు పల్లె నుంచి ఒక తల్లి కూతురిని తీసుకుని వచ్చింది. నొప్పి మొదలవగానే ఆమె కూతురిని పక్కకు తిప్పి, మణికట్టు దగ్గరి అరచేతి భాగాన్ని నడుము కింద ఎముకపై ఆనించి, నొప్పి తగ్గేదాకా ఒకే బరువుతో నొక్కి పట్టేది. నొప్పి పోగానే చేయి తీసి, తడిపి పిండిన తువ్వాలుతో మెడ తుడిచేది. మీకు ఆరు వారాల్లో నేర్పినదానిలో ముఖ్యమైన భాగం ఇదే. రోజూ సాయంత్రం పది నిమిషాలు అమ్మ చేత నడుము నొక్కించుకుంటూ, మీరు నెమ్మదిగా శ్వాస వదలడం సాధన చేయండి. దానికి క్లాసు అన్న పేరు పెట్టకపోతే ఆమె సంతోషంగానే చేస్తారు.

ఆమెకు నిజంగా చెప్పవలసినది వేరొకటి ఉంది, అది కాలం లెక్క. తొలి కాన్పులో గంటలు గడుస్తున్నకొద్దీ కూతురి బాధ చూడలేక, "ఆపరేషన్ చేసేయండమ్మా" అని డాక్టరును ముందుగా బతిమాలేది చాలాసార్లు తల్లే. గర్భాశయ ముఖద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచే నొప్పులు చురుకైన దశలోకి వచ్చినట్టు లెక్క అనీ, అక్కడి నుంచి తొలి కాన్పుకు సాధారణంగా 12 గంటల దాకా పట్టవచ్చుననీ, గంటకొక సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత కొలత అందరికీ వర్తించదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టం చేసింది. తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నంతవరకు ఆలస్యమొక్కటే ప్రమాదం కాదని అమ్మకు ముందే తెలిస్తే, ఆ గదిలో ఆమె మీకు ధైర్యమవుతారు. లేకపోతే ఆమె కంగారు కూడా మీరే మోయవలసి వస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక ఆడతోడును ఉండనివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే సూచించింది. తెరలు, విడి గదుల వంటి చాటు ఉన్నచోట భర్తనూ అనుమతించవచ్చు. కాబట్టి మరొక్కసారి అడిగి చూడండి. కాదన్నా మీవారికి పని లేకుండా పోదు. తొలి నొప్పుల సమయంలో ఎక్కువ భాగం ఇంట్లోనే గడుస్తుంది. అప్పుడు మీతో నడవడానికి, నడుము నొక్కడానికి ఆయన కావాలి. తేదీకి రెండు వారాల ముందు నుంచైనా సెలవు పెట్టమనండి.

ప్రశ్న: ప్రసవ శిక్షణలో చెప్పినవన్నీ పాటిస్తే సహజ కాన్పు ఖాయమన్నట్టే మాట్లాడారు. చివరికి బిడ్డ గుండె చప్పుడు తగ్గిందని నా భార్యకు సిజేరియన్ చేశారు. తాను శ్వాస సరిగా తీసుకోకపోవడం వల్లే అలా జరిగిందని రెండు నెలలుగా కుమిలిపోతోంది.
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: బిడ్డ గుండె చప్పుడు తగ్గడానికి ఆమె శ్వాస లెక్క తప్పడం కారణం కాదు. బొడ్డుతాడు నొక్కుకుపోవడం, మాయ నుంచి రక్తం తగినంత అందకపోవడం, నొప్పులు ఎడం లేకుండా రావడం వంటి కారణాలుంటాయి. డిశ్చార్జి కాగితాలు పట్టుకుని మీరిద్దరూ డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఆ రోజు ఏం జరిగిందో వరుసగా చెప్పమనండి. గర్భాశయం మీద కోత ఎలా పెట్టారన్నది కూడా రాయించుకోండి. తర్వాతి కాన్పు సహజంగా ప్రయత్నించవచ్చునా అన్నది చాలావరకు దానిమీదే ఆధారపడుతుంది. ఆ ప్రయత్నం కూడా ఏ వేళనైనా ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలోనే చేయాలి.

ఇక ఆ తరగతి మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. అలాంటి రాష్ట్రంలో ఆపరేషన్ గురించి, మత్తు గురించి, కుట్లతో బిడ్డకు పాలివ్వడం గురించి ఒక్క పూటైనా చెప్పని తరగతి అసంపూర్ణమైనదని నా అభిప్రాయం. సహజ కాన్పుకు హామీ ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు. రెండు నెలలు దాటినా దిగులు తగ్గలేదంటే దాన్ని బాలింత బెంగ అని వదిలేయకండి. నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో గమనించి, ఈ వారంలోనే మానసిక వైద్యులకు చూపించండి.

ప్రశ్న: డాక్టరుగారు ఇచ్చిన తేదీ సరిగ్గా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం నాడు పడింది. మా ఇల్లు మూడు లాంతర్ల దగ్గర. ఆ జనంలో ఆసుపత్రికి ఎలా వెళ్ళాలి?
— ఒక గర్భిణి, విజయనగరం

జవాబు: ఇచ్చిన తేదీ నాడే పుట్టే పిల్లలు నూటికి అయిదుగురు కూడా ఉండరు కాబట్టి, ఆ ఒక్క రోజు గురించి బెంగ వద్దు. కానీ 37 వారాలు నిండిన దగ్గర నుంచి సంచి సర్ది ఉంచుకోండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా నొప్పుల కోసం ఎదురుచూడకుండా బయలుదేరాలి. మామూలుగా అయితే నొప్పులు అయిదు నిమిషాలకొకటి చొప్పున గంటసేపు ఆగకుండా వచ్చినప్పుడు బయలుదేరవచ్చు. గుడికీ కోటకూ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగే ఆ మధ్యాహ్నం మీ వీధిలోంచి ఆటో కాదు కదా, అంబులెన్సు కదలడమూ కష్టమే. సిరిమానుకు ముందు రోజు జరిగే తొలేళ్ళకు ముందే ఆసుపత్రి వైపున్న బంధువుల ఇంటికి చేరిపోయి, ఈ ఒక్క ఏడాదికి అమ్మవారి పండుగను టీవీలో చూడండి.