‘ఇచ్చు’ ఒక్కటే చాలునా?

సందేహం: జపనీసు నేర్చుకుంటున్నాను. నేను ఒకరికి ఇస్తే ‘అగెరు’, ఒకరు నాకిస్తే ‘కురెరు’ అనాలట. మనకు రెండింటికీ ‘ఇచ్చు’ ఒక్కటే. ఇది తెలుగుకు లోపమా? ‘కురెరు’కు ‘దయచేయు’ అనవచ్చునా?

సమాధానం: ‘దయచేయు’ సరిపోదు. అది ఇచ్చేవారి పెద్దరికాన్ని చెబుతుందే గాని, పుచ్చుకొనేవారు ఎవరన్నది పట్టించుకోదు. రాజుగారు ఎవరికో అగ్రహారం ఇచ్చినా దయచేసినట్టే. ‘కురెరు’ అనాలంటే పుచ్చుకొనేది నేనో, నావాళ్లో కావాలి. పొరుగాయన మా చెల్లెలికి పుస్తకమిస్తే కురెరు, అదే పుస్తకం చెల్లెలు ఆయనకిస్తే అగెరు. వాక్యంలో ‘నేను’ లేకపోయినా నేనెటు నిలబడి చూస్తున్నానో క్రియే చెప్పేస్తుంది.

ఇక లోపమంటారా? అది మన ఇంట ఉండి చేజారిన సొమ్ము. మలయాళంలో నేటికీ నాకో నీకో ఇస్తే ‘తరుక’, మూడో మనిషికిస్తే ‘కొడుక్కుక’. ఈ భేదం ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన మూల ద్రావిడం నాటిదని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1945లోనే చూపించాడు. ఆ ‘తరు’కు తోడబుట్టినదే మన ‘తెచ్చు’. అర్థం కాస్త పక్కకు జరిగినా దిక్కు మారలేదు: దాహమైనవాడు ‘నీళ్లు తే’ అంటే ఆ నీళ్లు అతడి వైపే రావాలి. ‘చను’ అంటే పోవు. దానికి ‘తెంచు’ తగిలిస్తే ‘చనుదెంచు’, అంటే వచ్చు! వెళ్లేవాడిని వెనక్కి తిప్పిన ఆ ‘తెంచు’ మన ‘తెచ్చు’కు చుట్టమేనని నా అనుమానం, పట్టుబట్టను గాని. హైదరాబాదులో కూర్చుని ‘మంత్రిగారు ఢిల్లీకి ఏతెంచారు’ అని రాసే విలేకరులకు ఈ దిక్కు తెలియదు. గౌరవానికి ఒక పెద్ద మాట దొరికితే చాలు వారికి.

‘తరుక’లో నేనూ నీవూ ఒకే పక్షమని గమనించారా? అదే బుద్ధి మన ‘వచ్చు’లోనూ ఉంది. మీ ఇంటికి బయలుదేరుతూ ఫోనులో ‘ఇదిగో, వస్తున్నా’నంటాను; జపాను మనిషి అక్కడ ‘ఇకు’, అంటే వెళ్తున్నానంటాడు. నేను అప్పుడే మీ గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నాను, అతడింకా తన గుమ్మం దాటలేదు. అందుకే ‘కురెరు’కు తెలుగులో అచ్చమైన జోడీ దొరకడం కష్టం. ‘రాసిపెట్టాడు’ వంటి ప్రయోగం ‘కైతె కురెత’కు (నాకోసం రాశాడు) కొంత దగ్గర, అయితే ‘వాడికి నేను రాసిపెట్టాను’ అనీ అంటాం కదా. ప్రస్తుతానికి ‘నాకు’ చేర్చి ‘ఇచ్చాడు’ అనే రాసుకోండి.