జ్వరం తగ్గినా అమాక్సిసిలిన్ ఆపకండి

ఆరేళ్ల బాబుకి గొంతు పరీక్షలో స్ట్రెప్ (గొంతునొప్పి, జ్వరం తెచ్చే ఒక బ్యాక్టీరియా) అని తేలి డాక్టర్ 10 రోజుల అమాక్సిసిలిన్ రాస్తే, మెడికల్ షాపతను అజిత్రోమైసిన్ 3 రోజులు చాలన్నాడని అడిగారు కదండీ, దయచేసి మార్చకండి. ఈ బ్యాక్టీరియా అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులకి ఇప్పటికీ లొంగుతోంది, అజిత్రోమైసిన్‌కి మాత్రం చాలాచోట్ల లొంగట్లేదు, అందుకే దాన్ని పెన్సిలిన్ పడని పిల్లల కోసం ఉంచుతారు. మూడో రోజుకి జ్వరం పోయి, నిన్నటిదాకా గుటక వేయడానికే ఏడ్చినవాడు ఇడ్లీ గబగబా తినేస్తున్నా సీసా పక్కన పెట్టేయొద్దు. బ్యాక్టీరియా మిగిలిపోయి, దానివల్ల తర్వాత రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడవకూడదనే అన్ని రోజులు ఇస్తారు. డోసు బరువును బట్టి ఉంటుంది, డాక్టర్ రాసినంతే కొలిచి పోయండి, ప్రతిసారీ సీసా బాగా కుదపండి. ఒంటిమీద దద్దుర్లొస్తే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి, ముఖం వాచినా ఆయాసం వచ్చినా నేరుగా ఆసుపత్రికే.