ఉప్పు ‘కరిగితే’ అంటే నీళ్లలోనా, వేడికా?

సందేహం: మా పాప పదో తరగతి చదువుతోంది. నోట్సులో ‘ఉప్పు గడ్డగా ఉన్నప్పుడు కరెంటు పోనివ్వదు, కరిగితే పోనిస్తుంది’ అని ఉంది. నీళ్లలో కరగడమా, వేడికి కరగడమా అని అడిగితే చెప్పలేకపోయాను. ఇంగ్లీషులో మెల్ట్, డిజాల్వ్ అని రెండు మాటలున్నాయి కదా, మనకు లేవా?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: ఉప్పు విషయంలో రెండూ నిజమేనమ్మా, చిక్కంతా అక్కడే వచ్చింది. ఉప్పులో సోడియం, క్లోరైడ్ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, ముందునుంచే ఉంటాయి, నీళ్లు వాటిని కొత్తగా పుట్టించవు. కాకపోతే గడ్డలో ఎక్కడివక్కడ బిగుసుకుపోయి ఉంటాయి. అయాన్ అనేది గ్రీకు మాట, ‘వెళ్లేది’ అని అర్థం, 1834లో ఫారడే వాడుకలోకి తెచ్చాడు, మన ఉత్తరాయణంలోని ‘అయనం’ దానికి చుట్టమే. ఆ వెళ్లేదాన్ని వెళ్లనిస్తేనే కరెంటు. 801 డిగ్రీల సెల్సియస్ వేడికి ఉప్పు ద్రవమైపోయి అయాన్లు కదులుతాయి. నీళ్లలో వేస్తే పొయ్యి అక్కర్లేదు: నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఉంటాయి కాబట్టి, ఆక్సిజన్ కొస సోడియం వైపు, హైడ్రోజన్ కొస క్లోరైడ్ వైపు తిరిగి, ఒక్కో అయాన్‌నీ చుట్టుముట్టి గడ్డ నుంచి ఊడదీసుకుపోతాయి. పంచదార కూడా నీళ్లలో కరుగుతుంది గానీ అందులో అయాన్లు లేవు, కరెంటు పోదు.

ఇక మాట సంగతి. ‘కరుగు’ రెండింటికీ ఒక్కటే, ఒప్పుకోవాలి. సంస్కృతం వైపు వెళ్లినా తప్పించుకోలేం, ద్రవీభవనం, ద్రావణం రెండూ ‘ద్రు’ అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవే. అయితే మనం ‘కరుగు’ను ఒంటరిగా వదలం. ‘ఎండకు వెన్న కరిగింది’, ‘నీళ్లలో ఉప్పు కరిగింది’ అంటాం. ‘వానకు ఉప్పు బస్తా కరిగిపోయింది’ అన్నప్పుడు అక్కడా ‘కు’ ఉంది, అయినా వాన అనగానే అర్థమైపోతుంది. అంటే తేడా చెప్పేది క్రియ కాదు, దాని పక్కనున్న తోడు మాట. మీ నోట్సులో ఆ తోడు మాటనే తీసేశారు. వంటింట్లో ఇంకో తేడా కూడా ఉంది చూడండి: నెయ్యి ‘కరగబెడతాం’, ఉప్పును మాత్రం నీళ్లలో ‘కరగబెట్టు’ అని ఎవరూ అనరు, కలపమంటారు, కరిగించమంటారు. కరగబెట్టడంలో సెగ ఉంది. ఇంత మంచి మాట పుస్తకాల్లోకి ఎందుకు రాలేదా అని నాకు బాధగా ఉంటుంది.

మన ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. ఒడిశాలోని దామన్‌జోడి నుంచి అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్ పొడి, మన విశాఖ పోర్టుకొచ్చి ఓడలెక్కుతుంది. దాన్నుంచి అల్యూమినియం తీసే పద్ధతిలో అల్యూమినాను ఒంటరిగా ద్రవం చేయాలంటే 2,000 డిగ్రీలు దాటాలి, అందుకని క్రయోలైట్ అనే లవణాన్ని ముందు కరగబెట్టి, దాదాపు 960 డిగ్రీల దగ్గర అందులో అల్యూమినాను కరిగించి, కరెంటు పంపిస్తారు. ఆ రెండు పనులూ ఒక్క వాక్యంలో పట్టాయి, ఎక్కడా తికమక లేదు కదా!

పాప నోట్సులో ఇలా దిద్దించండి: ‘ఉప్పును వేడికి కరగబెట్టినా, నీళ్లలో కరిగించినా కరెంటు పోనిస్తుంది.’