ఎక్స్‌రేలో కనిపించిన అదనపు పన్ను గురించి

అమ్మాయీ,

బాబు కిందపడితే ముందుపళ్ళు కదిలాయేమోనని తీయించిన ఎక్స్‌రేలో ఎవరూ అనుకోని పన్ను ఒకటి బయటపడిందని రాశావు. దానికంత టెన్షన్ పడకు. పళ్ళ డాక్టరుగా నా సర్వీసంతా ఇలాంటివి చూస్తూనే వచ్చాను. నూటికి ఒకరి నుంచి ముగ్గురికి అదనపు పళ్ళుంటాయి, మగపిల్లల్లో ఇంకాస్త ఎక్కువ. ఇంకేదో పని మీద ఎక్స్‌రే తీస్తే తప్ప చాలావాటి సంగతే తెలియదు. మీవాడిది అందులో మరీ మామూలు రకం: పైదవడ మధ్యలో, రెండు ముందుపళ్ళ నడుమ, చెక్కిన పెన్సిల్ మొనలా ఉండే చిన్న పన్ను. మీసియోడెన్స్ అంటాం. ఒక్కోసారి తలకిందులై మొన ముక్కు వైపు తిరిగి ఉంటుంది. అలా ఉందన్నా హడలిపోకు.

డాక్టరు దగ్గరికెళ్ళగానే తీయించాలా వద్దా అని అడక్కు. ముందు అది దేనికి అడ్డుపడుతోందో అడుగు. ఒకవైపు ముందుపన్ను వచ్చి ఆరు నెలలు దాటినా రెండోది రాలేదంటే ఇక ఊరుకోకూడదు. పక్కపన్ను మెలితిరగడం, దాని వేరు అరగడం, చుట్టూ నీటితిత్తి కట్టడం కూడా చూడాలి. ఇవేవీ లేకుండా ఎముకలో ఊరికే పడి ఉంటే అప్పుడప్పుడూ ఎక్స్‌రేతో చూసుకుంటూ ఉండొచ్చు. ఎప్పుడు తీయాలన్నదాని మీద డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. త్వరగా తీస్తే అసలు పన్ను తనంతట తానే వచ్చే వీలు ఎక్కువంటారు కొందరు. పక్కపళ్ళ వేర్లు ముదిరేదాకా ఆగితే వాటికి దెబ్బ తగిలే భయం తక్కువంటారు మరికొందరు. నన్నడిగితే, దారికి అడ్డంగా ఉన్నదాన్ని ఎక్కువ రోజులు ఉంచను.

తీసేముందు అది అంగిలి వైపుందో పెదవి వైపుందో తేలాలి. ఎక్కువగా అంగిలి వైపే ఉంటుంది. కోణం మార్చి తీసిన రెండు మామూలు ఎక్స్‌రేలతో చాలాసార్లు తెలిసిపోతుంది. పన్నుని అన్ని వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్‌కి రేడియేషన్ ఎక్కువ, ఆపరేషన్ అనుకున్నాకే దాని మాట.

పన్ను మీద పన్ను అదృష్టమని మీ అత్తగారు అన్నారట. అననీ, వాదించకు.

ఒకటీ రెండూ కాక చాలా పళ్ళు కనబడితే మాత్రం వేరే సంగతి. కాలర్‌బోన్ సరిగా ఎదగని జబ్బులో, పేగుల్లో పాలిప్స్ అనే చిన్న గడ్డలు వచ్చే గార్డ్‌నర్ సిండ్రోమ్‌లో అలా ఉండొచ్చు. బాబుకున్నది ఒక్కటే, కాబట్టి ఆ పేర్లు వెతుకుతూ రాత్రంతా ఫోన్ పట్టుకు కూర్చోకు. ఇది కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది, పాపకి ముందుపళ్ళు మారేటప్పుడు ఓ కన్నేసి ఉంచు. ఇంకోటి, ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకో. ఫోన్‌లో తీసిన ఫొటోలో వేర్లు సరిగా కనబడవు.

మీ పెద్దమ్మ